బోర్డింగు పుస్తకంలో మార్త

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా వెనక వీధిలో ఉండే రిటైర్డు నర్సమ్మగారు ఒక జిరాక్సు కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఏదో పాత చర్చి సంఘం పుస్తకంలో వాళ్ల తాతగారి పేరున్న పేజీ అట. "మీరైతే గొలుసుకట్టు రాత చదువుతారంటండి, కాస్త చదివిపెట్టండి" అన్నారు. నేను తెనాలిలో తెలుగు టీచరుగా చేసి రిటైరైనదాన్ని. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోయే ఆ పాతకాలపు రాత మా నాన్నది కూడా కావడంతో చిన్నప్పుడే కళ్లకి అలవాటైంది. ఇక బడిలో నేను దిద్దిన రాతల సంగతి చెప్పనక్కర్లేదు. పేజీ మీద చీమలు పాకినట్టు రాసేవాళ్లూ, గాలికి పడిపోయిన వరిచేనులా అక్షరాలన్నీ ఒక పక్కకి పడుకోబెట్టేవాళ్లూ అందరూ నా చేతికింద నుంచే వెళ్లారు. నేను చదవలేని రాత లేదని స్టాఫ్ రూములో గొప్పలు పోయేదాన్ని. అయినా ఆవిడ కాగితం నా చేతిలో పెట్టగానే చదవలేదు. కళ్లజోడు తుడుచుకునే నెపంతో దాన్ని బల్ల మీద పెట్టేసి, "ఏం తెలుసుకోవాలని చదివిస్తున్నారు?" అని అడిగాను. ఆవిడ తెల్లబోయారు. "ఊరికేనండి. తాతగారి గురించి పిల్లలకి నాలుగు ముక్కలు చెబుదామని." ఊరికే అయితే పరవాలేదు. ఊరికే కాని చదువు ఒకటి నేను చదివాను. అది గుర్తొచ్చింది.

మూడేళ్ల కిందటి మాట. మా అమ్మాయి బాపట్లలో ఒక కాలేజీలో లెక్చరరు. ముప్పై దాటేదాకా ఎవరిని చూపించినా ఏదో ఒక వంక పెట్టి, చివరికి తనతోపాటు పనిచేసే అబ్బాయిని చేసుకుంటానని ఒక సాయంత్రం పెసరట్టు తింటూ తింటూ చెప్పింది. నాలుగేళ్లుగా ఒకరినొకరు ఎరుగుదురట. వాళ్లదీ మా సంఘమే, బాపట్ల. అబ్బాయి నెమ్మదస్థుడు, ఎంత నెమ్మదస్థుడంటే మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు ఫ్యాను వేయమనడానికి మొహమాటపడి చొక్కా తడిసిపోయేదాకా కూర్చున్నాడు. నిశ్చితార్థం మా ఇంట్లోనే జరిగింది. ఆ రోజు వాళ్ల తరఫున వచ్చినవాళ్లలో పెళ్లికొడుకు పెద్దమ్మ ఒకావిడ ఉంది. తల్లికి అక్క, డెబ్భై దాటిన మనిషి, పిట్టలవానిపాలెంలో ఉంటుంది. మైసూర్‌పాకు ప్లేటు చేత్తో పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, గోడకున్న మా అమ్మ ఫోటో ముందు ఆగిపోయింది. ఎంతసేపు నిలబడిందంటే, మావారు కుర్చీ తెచ్చి వేశారు. కూర్చోలేదు. "ఈవిడెవరండి?" అంది. మా అమ్మని చెప్పాను. "పేరు?" అంది. మార్త అన్నాను. ఆవిడ ప్లేటు అక్కడే కిటికీలో పెట్టేసి వెళ్లిపోయింది. మైసూర్‌పాకు గట్టిగా ఉందేమోననుకున్నాను.

మా సంఘాల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానావారి కుమార్తెకూ ఫలానావారి కుమారుడికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే తెలియజేయండి అని. నా ఎరికలో ఎవరూ లేచి నిలబడింది లేదు. పాస్టరుగారు అడుగుతుంటే జనం కీర్తనల పుస్తకంలో తరవాతి పాట వెతుక్కుంటూ ఉంటారు. మాకు రెండు ఆదివారాలూ అలాగే గడిచిపోయాయి. సోమవారం పొద్దున్న పెళ్లికొడుకు తల్లి ఫోను చేసింది. "వదినగారూ, మా అక్క ఒక మాటంటోందండి. ఎలా చెప్పాలో తెలియడం లేదు" అని మొదలుపెట్టింది.

ఆ అక్కాచెల్లెళ్ల తల్లికి ఒక చెల్లెలుండేదట. వీళ్ల అమ్మమ్మ చిన్నవయసులోనే పోతే, తాత యాకోబు పొలం పనులకి పోతూ ఇద్దరు ఆడపిల్లల్ని సాకలేక, పెద్దదాన్ని ఇంటిపనికి ఉంచుకుని చిన్నదాన్ని రేపల్లె మిషన్ బోర్డింగులో వేశాడు. ఆ పిల్ల మళ్లీ ఇంటికి రాలేదు. ఆ పిల్ల పేరు మార్త. మా అమ్మ పెరిగింది ఆ బోర్డింగులోనే. మా ఇంట్లో ఫోటో చూడగానే, అచ్చం తన తల్లి ముఖమే గోడ మీద కనబడిందట పెద్దమ్మగారికి.

ఆ మాట నిజమైతే ఏమవుతుందో విడమరచి చెప్పనక్కర్లేదు. మా అమ్మా, పెళ్లికొడుకు అమ్మమ్మా తోడబుట్టినవాళ్లు. అప్పుడు నేనూ పెళ్లికొడుకు తల్లీ అక్కచెల్లెళ్లం. మా అమ్మాయీ ఆ అబ్బాయీ అన్నాచెల్లెళ్లు. అంతే, ఇంక పెళ్లి లేదు. వాళ్లకి ఒక అన్నగారున్నారు, పెళ్లికొడుకు మేనమామ. జీవితమంతా ఆఫీసులో ఫైళ్లు నడిపిన మనిషి. ఆయన ఫోను తీసుకుని, "టీచరుగారూ, ముఖాలు కలిశాయని పెళ్లి ఆపడం న్యాయం కాదు. అలాగని వరస తెలియకుండా జరిపించడమూ న్యాయం కాదు. కాగితం చూద్దాం. అది చూసేదాకా మూడో ప్రకటన వద్దు" అన్నారు. మావారు అంతా విని, "ఆ ఫోటో ముందుగదిలో పెట్టొద్దని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను" అన్నారు. ఏనాడూ అనలేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఫోనులో ఆ మాట వినగానే నాకు మొదట గుర్తొచ్చింది మా అమ్మాయి కాదు. చిన్నప్పుడు వేసవి సెలవులివ్వగానే మా వీధిలో పిల్లలందరూ అమ్మమ్మగారి ఊళ్లకి వెళ్లిపోయేవాళ్లు. మాకు వెళ్లడానికి ఊరు లేదు. "అమ్మా, మన అమ్మమ్మది ఏ ఊరు?" అని అడిగితే, "నాకు బోర్డింగే పుట్టిల్లు" అని లేచి వెళ్లి పొయ్యి ఎగదోసేది. మళ్లీ అడిగితే ఇంకాస్త ఎగదోసేది. మేము ఆ ప్రశ్న ఎక్కువగా అడిగిన రోజుల్లో అన్నం మాడేది. ఆ అమ్మకి ఒక అక్క ఉండేదనీ, ఆ అక్క కూతుళ్లు నాకు ఫోను చేసేంత దూరంలో ఉన్నారనీ విన్నప్పుడు, ఒక్క క్షణం నా గుండె సంతోషంతో ఎగిరింది. ఆ క్షణం తరవాతే కూతురు గుర్తొచ్చింది. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

బుధవారం నేనొక్కదాన్నే రేపల్లె రైలెక్కాను. బోర్డింగు మూతబడి చాలా ఏళ్లయింది, దాని పుస్తకాలు అక్కడి మిషను గుడి పక్కగదిలో బీరువాలో ఉన్నాయని ముందే కనుక్కున్నాను. పాస్టరుగారు కుర్రాయన. బీరువా తాళంతో పది నిమిషాలు కుస్తీ పట్టి తలుపు తెరిచేసరికి నాఫ్తలీను వాసనా, పాత కాగితం వాసనా కలిసి గుప్పున కొట్టాయి. "నేను ఇందులో ఒక్క పేజీ చదవలేకపోయానమ్మా. మాదంతా సెల్‌ఫోన్ తెలుగు" అని నవ్వి, పిల్లల్ని చేర్చుకున్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. అట్ట ఊడిపోయింది. కొన్ని పేజీలు తడిసి ఎండి ఒకదానికొకటి అంటుకుపోయాయి. మొత్తం ఒకరి చేతిరాతే, బోర్డింగు చూసుకున్న టీచరమ్మది. ఆవిడ ఎవరో తెలియదు గానీ కాగితం అంటే మహా పొదుపు. గీతకీ గీతకీ మధ్య ఈగ దూరడానికి సందు లేదు. అక్షరాలన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పేజీ చివరిదాకా పోయి, అక్కడ చోటు చాలక కిందికి జారి వేలాడుతున్నాయి.

బైబిలు పేర్లతో ఒక చిక్కుంది. ఒక్క పేజీలో ముగ్గురు రూతులు, ఇద్దరు ఎస్తేర్లు, లెక్కలేనంతమంది మరియమ్మలు. మార్త మాత్రం ఎంతకీ కనబడలేదు. మధ్యాహ్నం దాకా వేలు కింద వరసలు జరుపుకుంటూ పోయాను. మెడ పట్టేసింది. అప్పుడు దొరికింది. మార్త. వయసు ఆరు. ఊరు పిట్టలవానిపాలెం. తండ్రి యాకోబు, కూలి. తల్లి సుందరమ్మ, లేదు.

ఇంటివద్ద అక్క ఒకతె ఉన్నదన్న మాట మీద వేలు అలాగే పెట్టి కూర్చుండిపోయాను. తరవాతి పేజీలు అంటుకుపోయి ఉన్నాయి, వాటి జోలికి పోవాలని కూడా తోచలేదు. ఆ వరస చివర, పేజీ అంచులో 'మూడవ పుస్తకము చూడుడు' అని సన్నగా ఉంది. మార్కుల పుస్తకం కాబోలనుకుని వదిలేశాను. ఇంతలో పాస్టరుగారికి ఎవరో పోయారని కబురొచ్చింది. ఆయన వెళ్లాలి, గది మూసెయ్యాలి. "దొరికిందామ్మా?" అన్నారు బీరువా తాళం వేస్తూ. "చూడాలండి" అన్నాను.

తిరుగు రైల్లో వేమూరు దాటుతుండగా అమ్మాయి ఫోను చేసింది. "ఏంటమ్మా, దొరికిందా?"

"పుస్తకం దొరికింది గానీ, రాత అర్థం కావడం లేదే" అన్నాను.

"నువ్వు చదవలేని రాతా అమ్మా?" అంది. నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. "శనివారం వాళ్ల మేనమామగారూ, పెద్దమ్మగారూ రేపల్లె వస్తున్నారంట. మేమూ వస్తాం" అని ఆగి, "అక్కడ దాన్ని నువ్వు తప్ప ఎవరూ చదవలేరు కదా" అంది. ఫోను పెట్టేసింది.

ఆ మాటతో నన్ను ఏం చేయమందో గురువారమంతా ఆలోచించాను, శుక్రవారమంతా ఆలోచించాను. ఉన్నది చదవమందా? లేనిది చదవమందా? ఎవరికీ తెలియదు. పేజీని పురుగు అక్కడక్కడా తినేసింది. సరిగ్గా ఊరి పేరు దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ పోయిందండి, తెలియడం లేదు" అంటే చాలు. కాగితం చూపించమన్న మేనమామగారు కాగితం చూస్తారు, ఆయనకి నల్లగీతలు కనబడతాయి. ఆదివారం మూడో ప్రకటన చదువుతారు. బియ్యంలో రాళ్లేరుతూ ఆ వాక్యాన్ని నాలుగైదు రకాలుగా అనుకుని చూసుకున్నాను. పాఠం చెప్పబోయే ముందు అనుకుని చూసుకోవడం నాకు అలవాటే. ఇది మాత్రం ఎన్నిసార్లు అనుకున్నా నోట్లో కుదురుకోలేదు. మరోపక్క, ఆ వాక్యం అన్నానంటే మా అమ్మకి ఇన్నాళ్లకి దొరికిన అక్కని నేనే మళ్లీ పోగొట్టినట్టు. మావారికి చెప్పలేదు. ఆయన నా ముఖం చూసి రెండు రోజులూ కాఫీ తనే పెట్టారు.

శనివారం పొద్దున్న ఆ చిన్నగదిలో బల్ల చుట్టూ కూర్చున్నాం. పాస్టరుగారు, మేనమామగారు, పెద్దమ్మగారు, నేను. మా అమ్మాయి కూర్చోనని గోడకి ఆనుకుని నిలబడింది. ఆ అబ్బాయి లోపలికి రాలేదు, వరండాలో అటూ ఇటూ తిరుగుతున్న చెప్పుల చప్పుడు మాత్రం వినబడుతోంది. మేనమామగారు పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, కళ్లజోడు ఎత్తి చూశారు, దించి చూశారు. ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూశారు. పెద్దదయ్యాక అర్థం కానిది ఇంకా పెద్దగా కనబడింది, అంతే. "ఇది తెలుగేనా టీచరుగారూ?" అని పుస్తకం నా ముందుకి నెట్టారు.

వేలు పెట్టాను. "మార్త" అన్నాను. "వయసు ఆరు." వేలు ఊరి పేరు మీదికి వచ్చింది. పక్కనే పురుగు తిన్న చిల్లు ఉంది. "ఇక్కడ..." అని ఆగాను. తలెత్తితే పెద్దమ్మగారు పుస్తకం వంక చూడటం లేదు. నా నోటి వంక చూస్తోంది. ఒకటో తరగతి పిల్లలు అలా చూస్తారు, టీచరు నోట్లోంచి ఏ అక్షరం వస్తే అదే నిజమన్నట్టు. ఆవిడకి చదువు రాదని అప్పుడు తెలిసింది నాకు. ఇంట్లో ఉండిపోయిన పిల్లకి పుట్టిన బిడ్డ.

"పిట్టలవానిపాలెం" అన్నాను. "తండ్రి యాకోబు, కూలి. తల్లి సుందరమ్మ, లేదు. ఇంటివద్ద అక్క ఒకతె ఉన్నది."

వరండాలో చెప్పుల చప్పుడు ఆగిపోయింది. మా అమ్మాయి తలుపు తీసుకుని బయటికి వెళ్లింది, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. ఆ నెమ్మదే నన్ను కోసేసింది. మేనమామగారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, "సరే. ఇంక ప్రకటన ఉండదు" అన్నారు, ఎవరితోనో కాదు, బల్లతో. పెద్దమ్మగారు మాత్రం లేచి వచ్చి నా తల పట్టుకుని పొట్టకి అదుముకుంది. "చెల్లీ" అంది. "మా పిన్ని కూతురివే నువ్వు. చెల్లీ." పుట్టి బుద్ధెరిగాక అమ్మవైపు మనిషి ఎవరూ నన్ను ముట్టుకోలేదు. నేను ఆవిడ నడుం చుట్టూ చేతులు వేసి ఏడ్చేశాను. బయట నా కూతురు ఏం చేస్తోందో తెలుసు, అయినా చేతులు తీయలేకపోయాను.

కాసేపటికి ఆవిడ కుర్చీ నా పక్కకి జరుపుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "ఇంకా ఏం రాశారో చదువు చెల్లీ. మా అమ్మ బతికినన్నాళ్లూ మీ అమ్మ మీద కోపంతోనే ఉంది. బాగా చదువుకుని దొరసాని అయిపోయుంటది, మట్టిపని చేసుకునేవాళ్లం మనం గుర్తుంటామా అనేది. పోయే ముందు కూడా అదే మాట. అక్కడ ఏం తిన్నదో, ఏం చదివిందో, మావాళ్లని తలుచుకుందో లేదో, అన్నీ చదువు" అంది.

ఆ వరసలో ఇంకేమీ లేదు, అంచున ఉన్న ఆ 'మూడవ పుస్తకము చూడుడు' తప్ప. పాస్టరుగారు బీరువాలో వెతికి మూడో పుస్తకం తెచ్చారు. అది మార్కుల పుస్తకం కాదు. టీచరమ్మ రోజూ బోర్డింగులో జరిగింది రెండు మూడు ముక్కలుగా రాసిపెట్టుకున్న దినచర్య. బియ్యం వచ్చాయి, పైకప్పు కారుతోంది, ఎస్తేరుకి గజ్జి. అలా పేజీలు తిప్పుతూ మార్త కోసం వెతుకుతూ పోయాను. "ఇదిగో" అన్నాను. "చి. మార్తకు జ్వరము తగ్గలేదు."

"అయ్యో" అంది పెద్దమ్మగారు, ఇప్పుడే ఎవరో ఆస్పత్రి నుంచి ఫోను చేసినట్టు.

తరవాతి రోజు వరస కళ్లకి ముందే అందింది. వేలు అక్కడే ఆగింది. మేనమామగారు "చదవండి" అన్నారు. చదివాను. "తెల్లవారుజామున చి. మార్త ప్రభువునందు నిద్రించినది. సాయంకాలము సమాధి చేసితిమి. పిట్టలవానిపాలెమునకు ఉత్తరము వ్రాసితిమి."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. మార్త పోతే, నన్ను కన్నదెవరు? ముందు తేరుకున్నది మేనమామగారు. "సరిగ్గా చూడండి. చి. అంటే చిరంజీవి. అన్ని శుభలేఖల్లో అలాగే వేస్తాం. మీరు 'నిద్రించినది' అన్నారు, అది నిద్రపోవడమేమో. జ్వరం తగ్గి నిద్రపట్టిందేమో." పాపం, ఆయనకీ ఆ పిల్ల బతకాలని ఉంది. "సమాధి చేశారని ఉందండి" అన్నాను. "పోయిన పిల్లకి చిరంజీవి అని ఎవరూ రాయరు. అదీగాక ఈ పుస్తకంలో ఇంకే పిల్లకీ ముందు చి. లేదు." నా గొంతు నాకే టీచరు గొంతులా వినబడింది. వేలు కిందికి జరిపాను.

"పె. మార్త రెండు దినములుగా అన్నము ముట్టలేదు. చి. మార్త పడుకొనిన చాప వదలి రాదు."

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. చి. అంటే చిన్న. పె. అంటే పెద్ద. మార్తలు ఇద్దరు.

మరో నాలుగు వరసల కింద, "పిట్టలవానిపాలెము ఉత్తరము తిరిగి వచ్చినది. ఆ ఇంటివారు పనులకై ఊరు విడిచినారట" అని ఉంది. మేనమామగారు తల దించుకుని, "ఆ రోజుల్లో తాత అమ్మని వెంటబెట్టుకుని ఎక్కడెక్కడికో కోతలకి పోయేవాడంట" అన్నారు. అప్పుడు మొదటి పుస్తకం మళ్లీ ముందుకి లాక్కున్నాను. ఆ వరస ఉన్న పేజీ తరవాత అంటుకుపోయిన పేజీల మధ్య పాస్టరుగారు పలుచటి స్టీలు స్కేలు దూర్చి, ఊపిరి బిగపట్టి, అంగుళం అంగుళం విడదీశారు. కాగితం చిటచిటలాడుతుంటే నా పళ్లు కరుచుకుపోయాయి. విడిపోయిన పేజీ మధ్యలో ఉంది రెండో మార్త. "మార్త. వయసు ఎనిమిది. ఊరు అడవులదీవి. తల్లిదండ్రులు గాలివానలో పోయినారు. పిల్ల మాట్లాడదు. పలుమార్లు పేరు అడుగగా నాంచారు అన్నది. బాప్తిస్మమందు మార్త అని పేరు. ఇదివరకే ఒక మార్త ఉన్నందున దీనిని పెద్ద మార్త అనుచున్నాము." దాని పక్కన వేరే సిరాతో, ఎన్నో ఏళ్ల తరవాత రాసినట్టు, "టీచరు ట్రైనింగు నిమిత్తము బాపట్ల పంపడమైనది." మా అమ్మ బాపట్లలో ట్రైనింగయిన టీచరు.

పెళ్లికి అడ్డం తొలగిపోయింది. పెద్దమ్మగారి చెయ్యి నా చేతిలో అలాగే ఉంది. ఉంచాలో తీసుకోవాలో ఆవిడకి తెలియనట్టుంది. "ఆరేళ్ల పిల్లండి" అంది, మళ్లీ అండి చేరింది మాటలో. "ఆరేళ్ల పిల్ల మీద అరవై ఏళ్లు అలిగింది మా అమ్మ." తరవాత వంగి, ఏ వరసలో ఉందో చూపించమని, ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "అన్నం తినకుండా కూర్చుంది మీ అమ్మేనా?" అంది. అవునన్నాను. ఆవిడ తన చెయ్యి తీసుకోలేదు.

నేను బయటికి వచ్చేసరికి మా అమ్మాయి చేతిపంపు దగ్గర గట్టు మీద కూర్చుంది. ఆ అబ్బాయి ఆరడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు, ఇంక ఎంత దగ్గరగా నిలబడవచ్చో తెలియక. జరిగింది చెప్పాను. అబ్బాయి రెండు చేతులతో ముఖం కప్పుకుని గోడవైపు తిరిగిపోయాడు. మా అమ్మాయి నా వైపు తిరిగింది. "నువ్వు అబద్ధం చదువుతావేమోనని భయపడ్డానమ్మా" అంది. "చదవవేమోనని కూడా భయపడ్డాను." ఆ తరవాతే ఏడ్చింది. చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోయినప్పుడు ఏడ్చినట్టు, పెద్దగా, ఎవరు చూస్తున్నారన్నది లేకుండా.

మరునాడు బాపట్ల గుడిలో మూడో ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపమని పాస్టరుగారు ఆగిన ఆ రెండు మూడు క్షణాల్లో, ముందు వరసలో పెద్దమ్మగారు దగ్గింది. గుడిలో సగంమంది తలలు అటు తిరిగాయి. మేనమామగారు బెంచీ పట్టుకున్నారు. ఆవిడ తీరిగ్గా గొంతు సర్దుకుని, "దగ్గండి, దగ్గు" అంది. పెళ్లయ్యాక మేము వరస ప్రకారం వదినలం. అందరి ముందూ వదినగారూ అనే పిలుచుకుంటాం. ఎవరూ లేనప్పుడు ఆవిడ నోరు జారి చెల్లీ అంటుంది, వెంటనే నాలిక కరుచుకుంటుంది. నేను విననట్టే ఊరుకుంటాను, సరిదిద్దను.

ఆ ఏడు ఎండలు తగ్గాక ఆవిడే పట్టుబట్టి నన్ను అడవులదీవి తీసుకెళ్లింది. రేపల్లెలో బస్సెక్కాం. దారి పొడుగునా తోడిపెళ్లికూతురిలా నా చీర సర్దుతూనే ఉంది. ఊళ్లో ఎవరిని అడగాలో తెలియక, చేపలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మని అడిగాం. వెనకటి గాలివానలో తల్లిదండ్రులు పోయి, బోర్డింగులో చేరిన నాంచారు అనే పిల్ల గురించి. ఆవిడ చేతులు దులుపుకుంటూ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "నాంచార్లు ఈ ఊళ్లో ఇంటికొకరున్నారమ్మా. గాలివానలో పోయినోళ్లు కూడా ఇంటికొకరే. ఏ ఇంటి పిల్లని చెప్పను?" అంది. ఎవరి ఇల్లో తెలియలేదు. తెలియదని నాకు బస్సులోనే తెలుసు. వెనక్కి తిరగబోతుంటే ఆ ముసలమ్మ పిలిచింది. "ఏ ఇంటిదైతేనేం, ఊరి ఆడపడుచు కూతురివేగా. తిని పో."

ఎసరు మరిగి, అన్నం ఉడికి, చేపల పులుసు కాగేదాకా ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. గాలి ఉప్పగా తగులుతోంది. అరవై ఆరేళ్లు వచ్చాక మొదటిసారి నేను అమ్మమ్మగారి ఊళ్లో అన్నం తిన్నాను. అమ్మ బతికున్న రోజుల్లో ఆ ఊరు ఎక్కడో కాలానికి అవతల ఉందనుకునేదాన్ని, మనిషి వెళ్లలేనంత వెనక. తిరిగి వచ్చేటప్పుడు గడియారం చూసుకున్నాను. అమ్మ జీవితమంతా వెనక్కి తిరిగి వెళ్లలేకపోయిన ఆ దూరం, రేపల్లె బస్సులో సరిగ్గా గంట.